ఆగిపోయిన ప్లాంటును ప్రణాళికలో రాసిన మేడం

మేడం పోయారన్న కబురు ఆమె భర్త ఫోన్ చేసి చెప్పారు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏప్రిల్ నెల అది. పొద్దున్నే ఇంట్లో అందరికీ చాయ్ పోస్తున్నాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మాట ఎప్పుడూ నెమ్మదిగానే ఉంటుంది.

"అమ్మా, మీ మేడం లేదు ఇగ," అన్నారు.

చాయ్ గిన్నె కింద పెట్టేశాను. ఆయనే మళ్లీ, "మీ గ్రూపుల మెసేజ్ పెట్టు బిడ్డా. నేనే రాద్దామని కూసున్న గని, నాతోటి అయితలేదు," అన్నారు.

మా పరిశోధన పని కోసం ఫోన్‌లో పెట్టుకున్న ఆ గ్రూపులో మేడం తరఫున సందేశాలు పెట్టడం మొదటినుంచీ నా పనే. మీటింగ్ ఎప్పుడు, ఎవరు ఏ భాగం చదివి రావాలి, ఎవరి రాత ఇంకా అందలేదు, ఇవన్నీ నేనే రాసేదాన్ని. ఆ రోజు "మేడం" అని టైపు చేసి అక్కడే ఆగిపోయాను. చాలాసేపటికి రెండు వాక్యాలు రాసి పంపాను. దేశం నలుమూలల నుంచీ జవాబులు వచ్చాయి. రాసినవాళ్లలో చాలామంది ఆమెను ఒక్కసారైనా ఎదురుగా చూసినవాళ్లు కారు. ఆ ఏడాదంతా మా పని ఫోన్ల మీద, కంప్యూటర్ తెరల మీదే నడిచింది మరి.

అంత్యక్రియలకు ఆమె భర్తనూ తమ్ముడినీ తప్ప ఎవరినీ రానివ్వలేదు. సూరత్‌లో పర్వత్ పాటియాలోని వాళ్లింటికి వెళ్లి ఆయన పక్కన కాసేపు కూర్చోవడానికి కూడా నాకు అప్పుడు వీలు కాలేదు. ఆ వేళ పక్కన కూర్చుని చెప్పుకోవాల్సిన మాటలను ఇప్పుడు ఇలా రాస్తున్నాను.

మేడం సూరత్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పర్యావరణ ఇంజనీరింగ్ చెప్పేవారు. ఆమె తండ్రి సిరిసిల్ల వైపు నుంచి మగ్గాలు నడపడానికి సూరత్ వచ్చిన మనిషి. మా నాన్న కూడా అలా వచ్చినవాడే. పాండేసరాలో పవర్‌లూమ్ కారఖానాలో పని, బమ్రోలిలో ఇల్లు. కాలేజీలో చేరేదాకా, మా ఇళ్లలాంటి ఇంట్లో పుట్టినవాళ్లు ప్రొఫెసర్లవుతారని నాకు తెలియదు.

మొదటి వారంలోనే ఒకరోజు క్లాసు అయ్యాక నన్ను ఆగమన్నారు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని హిందీలో అడిగారు. తెలుగు అన్నాను. వెంటనే గొంతు మారిపోయింది.

"ఏ ఊరు మీది?"

"బమ్రోలి మేడం."

"అది గాదు, దానికంటే ముందటిది."

"జగిత్యాల దగ్గర."

"మంచిది. మరి బమ్రోలిల నీళ్లు ఎప్పుడొస్తయి మీకు?"

పొద్దున వస్తాయని చెప్పాను.

"వాడినంక యాడికి పోతయి?"

"మోరీలకు."

"మోరీలకెల్లి?"

ఎరుకలేదన్నాను. ఆమె నవ్వారు. "నీ అంతున్నప్పుడు నాకు గూడ ఎరుకలేకుండె. ఆదివారం పొయ్యి చూసి రా. మీ నాయిన్ను తోలుకొని పో, ఒక్కదానివి పోకు," అన్నారు.

నాన్న మొదట విసుక్కున్నాడు. వారానికి ఒక్కరోజు సెలవు దొరికితే మురికి కాలువ వెంట తిరగడమేమిటని. అయినా వచ్చాడు. మా గల్లీ మోరీ వెంబడే నడుచుకుంటూ పోయాం. అది పెద్ద మోరీలో కలిసింది. పెద్ద మోరీ ఖాడీ అనే వాగులో పడింది. ఆ రోజు ఖాడీ నీళ్లు ముదురు ఎరుపు. ఏ రంగుల మిల్లు తొట్లు ఖాళీ చేసిందో. గట్టు మీద నిలబడి నాన్న, "మనం తాగిందీ గిట్లనే వచ్చి కలుస్తదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న సోమవారం మేడంకి చెప్పాను. ఆమె చాలా సంతోషపడ్డారు. నా చదువు ఎటు పోవాలో అక్కడే తేలిపోయిందనుకుంటాను.

ఆమె అలవాట్లు కొన్ని చెప్పాలి. కాటన్ చీర మీద గుడ్డ బూట్లు వేసుకునేవారు. ఎక్కడ బురదలోకి దిగాల్సి వస్తుందో తెలియదు కదా అనేవారు. ఎవరింట్లో చాయ్ తాగినా తన గ్లాసు తనే కడిగి బోర్లించేవారు. ఇంటివాళ్లు ఎంత వద్దన్నా వినేవారు కాదు. అలా కడిగేటప్పుడే ఆ ఇంట్లో నీళ్లు ఎక్కడ నిలవ చేసుకుంటారో, బిందె మీద మూత ఉందో లేదో, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో చూసేసేవారు. ఆదివారం పొద్దున మా నలుగురైదుగురిని పిలిచి, శనగపిండితో చేసే వేడి లోచో తెప్పించి, తినడం అయ్యేదాకా పని మాట ఎత్తనిచ్చేవారు కాదు. మేము రాసిన కాగితాల్లో "విప్లవాత్మకమైన" అన్న మాట కనిపిస్తే చాలు, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన "ఎవరు నడుపుతరు?" అని రాసేవారు.

ఆ ప్రశ్న ఆమెకు ఊరికే పుట్టింది కాదు.

కరోనాకు కొద్దికాలం ముందు కేంద్ర ప్రభుత్వం వాళ్లు ఆమెకు ఒక పెద్ద పనిలో భాగం ఇచ్చారు. దేశంలోని ఊళ్లకూ పట్టణాలకూ మంచినీళ్లు అందించడం, వాడిన నీళ్లను శుభ్రం చేయడం చాలాకాలం నిలిచేలా సాగాలంటే రాబోయే ఏళ్లలో ఏయే విషయాల మీద పరిశోధన జరగాలి, ఆ పరిశోధనలో తేలింది పట్టణాల దాకా ఎలా చేరాలి అన్నది ఒక ప్రణాళికగా రాయాలి. పలు నగరాల నుంచి నిపుణులతో ఒక కమిటీ వేశారు. కొత్త పద్ధతులు ప్రయోగశాల దాటి జనం మధ్యకు ఎలా వెళ్తాయన్న అధ్యాయం మేడం వంతు. అప్పటికి చదువు ముగించిన నేను ఆమె దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాను.

అధ్యాయానికి ఉదాహరణగా సూరత్‌లోనే ఉన్న వడోద్ పేటలోని ప్లాంటును పెట్టాలని కమిటీ అనుకుంది. మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఉండే ఒక బస్తీ వెనక అంతకుముందు మేడమే కట్టించిన చిన్న ప్లాంటు అది. బస్తీ మురుగునీటిని తొట్టిలో నింపి, కిందినుంచి గాలి ఊది, మురికిని తినే సూక్ష్మజీవులను పెంచి, తేటపడ్డ నీళ్లను అక్కడి సామూహిక మరుగుదొడ్లకు పంపేవారు. దాని మీద వ్యాసాలు వచ్చాయి. మేడంకు పేరు వచ్చింది. అది ఎంత బాగా నడిచిందో చెప్పే పటాలు మా ల్యాబు గోడ మీద ఉండేవి.

రాసేముందు ఒకసారి చూసొద్దామని ఇద్దరం ఆటోలో వెళ్లాం. గేటుకు తుప్పు పట్టి ఉంది. తొట్టి మీద నల్లటి తెట్టు కట్టి ఉంది. గాలి ఊదే మోటారు మీద ఎవరో బట్టలు ఆరేశారు. మేడం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు, అలాగే చూస్తూ నిలబడ్డారు.

ఎదురింటి నుంచి ఒకామె బయటికి వచ్చింది. ఆమె భర్త కూడా మగ్గాల మీద పనిచేసేవాడే, కోరుట్ల వైపు మనుషులు. మేడంను గుర్తుపట్టి కుర్చీ వేసింది.

"ఎప్పుడు ఆగింది అక్కా?" అని మేడం అడిగారు.

"మీ పిల్లలున్నన్ని రోజులు మంచిగనే నడిచింది మేడం. ఆళ్లు పోయినంక ఒక వానకాలం సుత నడ్వలే. మోటర్ బంద్ వడ్డది. వాసనకు తలుపులు పెట్టుకొని ఉన్నం. ఇగ ఓపిక వట్టలేక మావోళ్లే పైపులల్ల మట్టి కొట్టిండ్రు."

"నాకు జర ఫోన్ చేస్తే అయిపోతుండె గద అక్కా?"

"మీ నంబర్ మాకెవలిచ్చిండ్రు?"

ఆమె ఎత్తిపొడవాలని అనలేదు. ఉన్నమాట అంది. మేడం కుర్చీలోంచి లేచి గడప మెట్టు మీద కూర్చున్నారు. ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు కడిగిచ్చి, తన నంబరు ఆమె ఫోన్‌లో తనే ఎక్కించి వచ్చేశారు. తిరుగుదారిలో ఆటో ఉధ్నా పేట దాటింది. తర్వాత నా వైపు చూడకుండానే, "దేశం మొత్తం తిరిగి ఉపన్యాసాలిచ్చిన. ఎదురింటామెకు నంబర్ ఇయ్యలే," అన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే లాక్‌డౌన్ వచ్చింది.

మగ్గాలు ఆగిపోయాయి. మగ్గాల చప్పుడు లేని బమ్రోలిని నేను పుట్టాక అప్పటిదాకా ఎన్నడూ ఎరగను. మా గల్లీలో గదులు అద్దెకు తీసుకుని గుంపులుగా ఉండే మగవాళ్లు మూటలు కట్టుకుని ఊళ్ల దారి పట్టారు. కొందరు లారీల్లో, కొందరు తర్వాత వేసిన రైళ్లలో, కొందరు నడిచి. ఎవరికైనా ఫోన్ కలిపితే చాలు, చేతులు సబ్బుతో కడుక్కోండని రికార్డు చేసిన గొంతు చెప్పేది. ఒక్క కుళాయి మీద గల్లీ అంతా బతికే చోట అది ఎలా సాధ్యమో ఎవరూ చెప్పలేదు. మేడం ఫోన్ చేసి, మీ గల్లీలో పొద్దున ఎంతమంది వరుసలో ఉంటున్నారు, ఎడంగా నిలబడే చోటుందా, నీళ్ల వేళ ఇంకాస్త పెంచితే గుంపు తగ్గుతుందా అని అడిగేవారు. మా గల్లీలో ఆడవాళ్లు చెప్పినవి నేను చెబితే, వాటిని ప్రశ్నలుగా మార్చి ప్రణాళికలో పెట్టేవారు.

ఆ వేసవిలో ఖాడీ నీళ్లు తేటపడ్డాయి. అందరూ ఫొటోలు పెట్టారు. ప్రకృతి కోలుకుంటోందని మా గ్రూపులో కూడా సంబరపడ్డారు. నేనూ ఒక ఫొటో పంపాను. మేడం వెంటనే ఫోన్ చేశారు.

"మంచిగున్నది బిడ్డా. గని మనుషులు వెళ్లిపోతే తేటపడ్డ నీళ్లు ఇవి. వాళ్లు మళ్ల రావాలె, మగ్గాలు నడ్వాలె, నీళ్లు గిట్లనే ఉండాలె. గప్పుడు మనం సంబురపడుదాం."

నగరంలోని శుద్ధి కేంద్రానికి వచ్చే మురుగునీరు బాగా తగ్గిందని అక్కడి ఇంజనీరు చెబితే మేడం కళ్లనీళ్లు పెట్టుకున్నారని ఆమె భర్త తర్వాత నాతో అన్నారు. ఎంతమంది వెళ్లిపోయారో ఆ తగ్గుదలను బట్టే ఆమెకు అర్థమైపోయింది.

జనం తిరిగొచ్చాక కొత్త పని వచ్చింది. మురుగునీటిలో కరోనా ఆనవాళ్లు వెతికితే, ఏ పేటలో జబ్బు పెరుగుతోందో ముందే తెలుస్తుందని ప్రపంచమంతా చెప్పుకుంటున్న రోజులు. మా ల్యాబులో అందరికీ ఉత్సాహం. తొందరగా మొదలుపెడితే మాకూ పేరొస్తుంది. మేడం కూడా అది మంచి పద్ధతేనన్నారు. కానీ మొదటి రోజే అడిగారు, మూత తీసి నీళ్లు ముంచేదెవరని.

మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే మనుషులే ముంచుతారని ఎవరో చెప్పారు.

"ఆ మనిషికి మాస్కేది, గ్లౌజులేవి? జ్వరమొస్తే ఎవరు చూస్తరు? అవన్నీ ఉన్ననాడే మొదలువెడుదాం. ఎవ్వరూ మోరీలకు వంగొద్దు. పైనుంచి తోడే పంపు తయారు చెయ్యుండ్రి."

పంపు కుదిరేసరికి నెలలు పట్టింది. ఈలోగా వేరే నగరాల వాళ్ల ఫలితాలు పత్రికల్లో వచ్చేశాయి. నాకు కోపం వచ్చింది. "మనం వెనుకవడ్డం మేడం," అన్నాను. "పడ్డం," అన్నారు ఆమె. అంతే. మొదటిసారి నమూనా తీసిన రోజు ఆమె ఎండలో నిలబడి, పంపు పట్టుకున్న మనిషి చేతులు కడుక్కునేదాకా సీసా మీద పేట పేరు రాయనివ్వలేదు.

ఇక కమిటీ మీటింగ్ సంగతి. చలికాలం చివర్లో కమిటీ అంతా తెర మీద కూడింది. నేను మేడం పక్క కుర్చీలో కూర్చుని నోట్స్ రాసుకుంటున్నాను. ఉదాహరణల భాగంలో వడోద్ ప్లాంటు ఫొటో వచ్చింది. మెరిసే పైపులు, ముందు నిలబడి నవ్వుతున్న మేడం. ఇలాంటివి ఇతర పట్టణాల్లోనూ కట్టాలని అధ్యక్షుడు అంటున్నారు. ఆయన పెద్దమనిషి, మేడం అంటే గౌరవం ఉన్నవాడే.

మేడం మైకు తెరిచి హిందీలో చెప్పారు. "క్షమించండి. ఆ ప్లాంటు ఆగిపోయింది. అది కట్టింది నేనే. మా విద్యార్థులు ఉన్నంతకాలం నడిచింది, వాళ్లు వెళ్లిపోగానే ఆగింది. మేము ప్రచురించిన ఫలితాలు అబద్ధం కావు. కానీ ఆగిన తర్వాత ఏమైందో మేము రాయలేదు. ఆ భాగాన్ని నేను మళ్లీ రాసి పంపాను. అదే పెట్టండి."

ఈ సంగతి తర్వాత విడిగా మాట్లాడుకుందామని అధ్యక్షుడు మెల్లగా అన్నారు.

"ఇప్పుడే మాట్లాడుకుందాం సార్. ఇది చూసి ఇంకెన్ని ఊళ్లలో కడతారో. ఆ ఊళ్లలో గడపల ముందు వాసన భరించేది మనం కాదు. ఎక్కడెక్కడ ఏవి ఆగిపోయాయో, ఎందుకు ఆగాయో వెతకడం కూడా పరిశోధనే. దానికీ ఈ ప్రణాళికలో చోటు ఇవ్వండి."

మీటింగ్ ముగిశాక కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. చాలా పొడుగ్గా సాగింది. ఆమె "అవును సార్", "తెలుసు సార్" అనడమే నాకు వినిపించింది. మా ప్రాజెక్టును ఇంకో ఏడాది పొడిగించాల్సిన సమయమది. నా ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది. భయం ఆపుకోలేక అడిగాను.

"మేడం, మన ప్రాజెక్టు పోతే?"

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పోవచ్చు. నిన్ను అడగకుండ చెప్పిన, అది తప్పే. నీకు ఇంకో తావు చూస్త. గని బిడ్డా, ఆ అక్క మొకం చూసినంక ఆ ఫొటో కింద నా పేరు ఎట్ల పెట్టుకోను?"

పొడిగింపు వెంటనే రాలేదు. మాలో ఒకరు వేరే ఉద్యోగం చూసుకున్నారు. నేను ఉండిపోయాను. ఆ నెలల్లో ఆమెను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఒక పాత సహోద్యోగి, "బేన్, చేతికొచ్చిన పేరును ఎవరైనా పారేసుకుంటారా?" అని తోబుట్టువును పిలిచినట్టు గుజరాతీలో బాధపడ్డాడు. ఆమె ఆయనకు చాయ్ ఇచ్చి, ఆగిన ప్లాంట్ల గురించి ఆయనకు తెలిసినవి రాసిమ్మని అడిగారు. ఆయన నిజంగానే రాసిచ్చాడు.

ఆమె అంతటితో ఆగలేదు. వడోద్ వెళ్లి బస్తీ వాళ్లతో కూర్చున్నారు. మళ్లీ నడపాలంటే ఎవరు నడుపుతారు, చెడిపోతే ఎవరికి చెప్పాలి, ఆ మనిషి లేకపోతే ఇంకెవరికి చెప్పాలి, ఇవి తేలాకే మోటారు బాగుచేద్దామన్నారు. నంబరు సంగతి అడిగిన ఎదురింటామే నేర్చుకుంటానంది. ఆమె శిక్షణ సగంలో ఉండగా రెండో అల వచ్చింది.

మేడంకు జ్వరమని తెలిసినప్పుడు నేను పెద్దగా భయపడలేదు. ఆమెకు ఏమీ కాదని ఎందుకో గట్టిగా అనుకున్నాను. ఆసుపత్రిలో చేరాక ఒకసారి ఫోన్ చేశారు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నారు.

"మాట్లాడకుండ్రి మేడం, మంచిగైనంక మాట్లాడుదాం."

"గదొక్కటి చెప్పు. అక్క ట్రెయినింగ్ అయిందా?"

"కరోనా తోటి ఆగింది మేడం. మళ్ల మొదలువెడ్త."

"నా నంబర్... ఆమె దగ్గర ఉన్నది. నీది గూడ ఇయ్యి."

సరేనన్నాను. అవే చివరి మాటలవుతాయని నాకు తెలియదు. ఆమెకు తెలిసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

ఆమె పోయిన కొన్ని వారాలకు ప్రణాళిక ఆఖరి ప్రతి నాకు పంపారు. నేరుగా ఆమె అధ్యాయం తెరిచాను. "ఆగిపోయినవి, ఎందుకు ఆగాయి" అని ఆమె పెట్టిన శీర్షిక లేదు. "క్షేత్రస్థాయి అనుభవాలు" అని మార్చారు. ఆమె ఉంటే పగలబడి నవ్వేవారు. కానీ కింద రాత రాతంతా ఉంది. వడోద్ పేరుతో, ఆమె పేరుతో సహా ఉంది. ఏ కొత్త పద్ధతికైనా కట్టినవాళ్లు వెళ్లిపోయాక ఏమైందో కొన్నేళ్లపాటు చూసిన తర్వాతే దాన్ని ఇతర ఊళ్లకు సిఫారసు చేయాలన్న వాక్యం ఉంది. అధ్యక్షుడు ఆ వాక్యం కోసం గట్టిగా నిలబడ్డారని తర్వాత తెలిసింది.

ఆ ప్రతి తీసుకుని పర్వత్ పాటియా వెళ్లాను. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని, తెరవకుండా, అట్ట మీద అరచేయి ఆనించి కూర్చున్నారు. "ఇంట్లకు రాంగనే నాతోని తన పని ముచ్చటే చెప్తుండె. నాకు సగం సమజయితుండె, సగం కాకపోతుండె. గిప్పుడు మొత్తం చదువుత," అన్నారు. చాయ్ తాగాక గ్లాసు కడగబోతే ఆయన వద్దన్నారు. కడిగే వచ్చాను.

ఎదురింటామె శిక్షణ పూర్తయింది, నా నంబరూ ఆమె ఫోన్‌లో ఎక్కింది, వానాకాలం మొదలయ్యాక వడోద్ ప్లాంటు మళ్లీ తెరిచాం. ఫొటోలు తీసేవాళ్లెవరూ లేరు. బస్తీవాళ్లు కొందరు, మా ల్యాబు వాళ్లం, గొడుగు కింద మాస్టారు. సన్నగా వాన పడుతోంది. ఎదురింటామె కొంగు నడుముకు దోపుకుని, మాస్కు సర్దుకుని, స్విచ్ దగ్గర నిలబడి నా వైపు చూసింది. నేను తల ఊపాను. మోటారు ఒకసారి గుర్రుమని, నిలదొక్కుకుని, నడవసాగింది. కాసేపు తొట్టిలో ఏ కదలికా లేదు. తర్వాత ఒక మూల నుంచి బుడగలు లేచాయి, తొట్టంతా పాకాయి. నీళ్ల మీద పైనుంచి పడే చినుకుల వలయాలు, కిందినుంచి లేచే బుడగల వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. మాస్టారు గొడుగు మడిచేసి, తొట్టి గోడ మీద చేతులు ఆనించి, ఏది వానదో ఏది గాలిదో తెలియని ఆ వలయాలను తడుస్తూ చూస్తూ నిలబడ్డారు.